భవనాల్లో కరెంటు పొదుపు: మన పిల్లలకు వృత్తి, మన సంస్థకు ఆదా

(జంపనిలో జరిగిన సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)





పిల్లల చదువులు, ఉపాధి మార్గాలు అనే విషయం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గంవారు మమ్మల్ని అడిగారు. ఉపాధి అనగానే డాక్టరు, సాఫ్ట్‌వేరు, టీచరు, గల్ఫు అని పిల్లలే గడగడా చెప్పేస్తారు. వాటి గురించి మాకంటే బాగా తెలిసినవారు ఈ హాల్లోనే చాలామంది ఉన్నారు. అందుకని మేము ఒకే ఒక్క వృత్తి గురించి మాట్లాడదలచుకున్నాము. ఆ పేరు మన ఇళ్లలో ఎవరూ పెద్దగా విని ఉండరు. దాన్ని ఎనర్జీ ఇంజనీరు ఉద్యోగం అంటారు.

ఈయన కొత్త భవనం కట్టడు. కొత్త లైను వేయడు. కాలేజీలు, ఆసుపత్రులు, కంపెనీ ఆఫీసులు ఉండే పెద్ద ప్రాంగణాల్లో కరెంటు ఎక్కడ దండగ అవుతోందో కనిపెడతాడు. ఎవరి పనీ చెడకుండా, ఎవరికీ ఉక్కపోయకుండా, ఎవరినీ చీకట్లో కూర్చోబెట్టకుండా ఆ దండగను ఆపుతాడు. అదే ఆయన ఉద్యోగం.

దాతల సభలో ఈ సంగతి ఎందుకని మీరు అడగవచ్చు. మాకు రెండు కారణాలు కనిపించాయి. మొదటిది, మన పిల్లలు ఈ వృత్తికి ఇప్పటికే సగం దూరంలో ఉన్నారు. రెండోది, ఆ ఇంజనీరు చూసే చూపు ఒక్కసారి మన బడి మీద, మన హాస్టలు మీద, మన షాదీఖానా మీద పడితే, మీరిచ్చే రూపాయి ఇంకొంచెం ఎక్కువ దూరం వెళుతుంది.

మన ఊళ్లలో దాత అనగానే గుర్తొచ్చేది ఫ్యాను. రెక్కల మీద ఎర్ర రంగుతో దాత పేరు, తండ్రి పేరు, ఊరు రాసి ఉంటాయి. ఆ ఫ్యాను కింద కూర్చున్నవారు పైకి చూసి పేరు చదువుకుని దుఆ చేస్తారు. ఇది మంచి సంప్రదాయమే. దాన్ని తక్కువ చేసి మాట్లాడటం మా ఉద్దేశం కాదు. కాకపోతే ఆ ఫ్యాను కొన్న రోజున దాత ఇచ్చింది ఒక్కసారే. ఆ తర్వాత పదిహేనేళ్లు దానికి కరెంటు బిల్లు కట్టేది సంస్థే. ఆ బిల్లుకు దాత ఎవరూ ఉండరు. ఏ రెక్క మీదా ఆ లెక్క రాసి ఉండదు. ఫీజు సహాయానికి వెళ్లాల్సిన డబ్బే నెలనెలా అందులోకి పోతుంది. ఈ మాట పైకి చెప్పుకోము గాని, ఏ సంస్థ కోశాధికారిని పక్కకు పిలిచి అడిగినా ఒప్పుకుంటారు.

లెక్క చేసి చూద్దాం. మామూలు సీలింగ్ ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటుంది. ఇప్పుడు వస్తున్న బీఎల్‌డీసీ ఫ్యాను అదే గాలిని సుమారు 30 వాట్లతో ఇస్తుంది. తేడా 45 వాట్లు. యూనిట్టు 7 రూపాయలనుకుందాం. కొత్త ఫ్యాను 3,000 రూపాయలనుకుందాం. ఈ ఫ్యానును మూడు చోట్ల పెట్టి చూద్దాం.

తరగతి గదిలో రోజుకు 8 గంటల చొప్పున 220 రోజులు తిరిగితే ఏడాదికి 79 యూనిట్లు మిగులుతాయి. అంటే దాదాపు 550 రూపాయలు. పెట్టిన 3,000 తిరిగి రావడానికి అయిదేళ్లు దాటుతుంది. మసీదులో అన్ని నమాజులకూ కలిపి రోజుకు 3 గంటలు, 300 రోజులు తిరిగితే మిగిలేది 40 యూనిట్లు. అసలు తిరిగి రావడానికి పదేళ్లు దాటుతుంది. అదే ఫ్యానును హాస్టల్లో పెట్టండి. పగలూ రాత్రీ కలిపి 16 గంటలు, 300 రోజులు తిరిగితే 216 యూనిట్లు మిగులుతాయి. ఏడాదికి 1,512 రూపాయలు. రెండేళ్లలో ఫ్యాను ఖరీదు వచ్చేస్తుంది. ఆ తర్వాత వచ్చేదంతా సంస్థకు మిగులే.

ఫ్యాను అదే, డబ్బూ అంతే. అది తిరిగే గంటలను బట్టి ఫలితం మారిపోయింది. ఎనర్జీ ఇంజనీరు మొదట నేర్చుకునే పాఠం ఇదే. మనం వస్తువును చూస్తాము. అతను గంటలను చూస్తాడు. కాబట్టి రేపు మీరెవరైనా నాలుగు ఫ్యాన్లు ఇవ్వాలనుకుంటే ముందు హాస్టలుకు ఇవ్వండి. మసీదులో తిరుగుతున్న మంచి ఫ్యానును తీసేసి కొత్తది పెట్టాల్సిన తొందర లేదు.

ఇక ఈ పని పెద్ద స్థాయిలో ఎలా జరుగుతుందో చూద్దాం. దానికి దూరదేశాలు పోనక్కరలేదు. హైదరాబాదు వెళితే చాలు.

హైటెక్ సిటీ దగ్గర సీఐఐ సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ అనే భవనం ఉంది. 2004 జులై 14న అప్పటి రాష్ట్రపతి డాక్టర్ ఎ.పి.జె. అబ్దుల్ కలాంగారు దాన్ని ప్రారంభించారు. భవనాల పొదుపుకు ఇచ్చే లీడ్ ప్లాటినం గుర్తింపును అమెరికా బయట మొట్టమొదట పొందిన భవనం అదే. అందులో వింత యంత్రాలేవో ఉంటాయనుకుంటాము. వెళ్లి చూస్తే నడుమ ముంగిలి, చుట్టూ గదులు, పైన మొక్కలు, వెలుతురూ గాలీ వచ్చే జాలీ గోడలు కనిపిస్తాయి. జాలీ మనకు కొత్తదా? పాత మసీదుల్లో, దర్గాల్లో చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. ఎండను ఆపి గాలిని రానిచ్చే ఆ పనితనాన్ని మన పూర్వులు లెక్కలు రాయకుండానే చేశారు. ఇవాళ్టి ఇంజనీరు దాన్ని మీటరు పెట్టి కొలుస్తున్నాడు.

రెండో ఉదాహరణ హైదరాబాదు నుంచి వరంగల్ వెళ్లే దారిలో పోచారం దగ్గర ఉంది. అక్కడి ఇన్ఫోసిస్ ప్రాంగణంలో 2011లో వాడకంలోకి వచ్చిన ఒక ఆఫీసు భవనం ఉంది. సుమారు రెండున్నర లక్షల చదరపు అడుగుల భవనం. దాన్ని కట్టేటప్పుడు అక్కడి ఇంజనీర్లు ఒక చక్కటి పని చేశారు. భవనాన్ని సరిగ్గా రెండు సమాన భాగాలుగా విభజించారు. ఒక సగానికి మామూలు పద్ధతిలో, అయితే బాగా మెరుగుపరిచిన ఏసీ పెట్టారు. రెండో సగానికి కొత్త పద్ధతి పెట్టారు. శ్లాబులో సన్నని గొట్టాలు వేసి వాటిలో చల్లని నీళ్లు పారించారు. శ్లాబు చల్లబడితే దాని కింద కూర్చున్న మనుషులూ చల్లబడతారు. రోహిణి కార్తెలో ఎండనబడి ఇంటికొచ్చి నాపరాళ్ల నేల మీద వాలితే ప్రాణం లేచి రావడం మనందరికీ తెలుసు గదా. అక్కడ ఆ చల్లదనం పైనుంచి వస్తుంది, అంతే తేడా.

దీని వెనక ఉన్న సైన్సు మన తొమ్మిదో తరగతి పిల్లలకు అర్థమయ్యేదే. ఒకే పరిమాణంలో తీసుకుంటే గాలికంటే నీరు దాదాపు 3,500 రెట్లు ఎక్కువ వేడిని మోస్తుంది. అంత గాలిని పెద్ద పెద్ద ఫ్యాన్లతో తోసే బదులు కొద్ది నీటిని చిన్న పంపుతో తిప్పితే పని జరిగిపోతుంది. కరెంటు మిగిలేది అక్కడ. కాకపోతే గాలిలో తేమ ఎక్కువుంటే చల్లటి శ్లాబుకు చెమట పడుతుంది. అందుకని లోపలికి వచ్చే గాలిని వేరే యంత్రంతో ముందే పొడిగా చేయాలి. సముద్రం దగ్గరగా ఉన్న మన బాపట్ల, రేపల్లె వైపు ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. ఒకచోట పనికొచ్చిందని ఇంకోచోట కళ్లు మూసుకుని పెట్టకూడదు.

రెండు సగాలకూ ఒకే ఎండ, ఒకే వాన, ఒకే రకం ఉద్యోగులు. ఇద్దరు పిల్లలకు ఒకే ప్రశ్నపత్రం ఇచ్చినట్టు. రెండేళ్లు మీటర్లు పెట్టి చూశారు. గొట్టాల సగం రెండోదానికంటే 34 శాతం తక్కువ కరెంటు వాడింది. కట్టుబడి ఖర్చు కూడా ఎక్కువ కాలేదు, దాదాపు సమానంగానే వచ్చింది. గురుప్రకాశ్ శాస్త్రి, పీటర్ రమ్సే అనే ఇంజనీర్లు 2014లో ఆష్రే జర్నల్‌లో ఈ ఫలితాలను ప్రకటించారు. పిల్లలకు మేము ముఖ్యంగా చెప్పేదేమిటంటే, వాళ్లు గొప్పలు చెప్పుకోలేదు, పక్కపక్కన పెట్టి కొలిచి చూపించారు.

మూడోది మన జేబుకు అందేది. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ, అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల కలిసి హైదరాబాదు నగర పరిధిలో ఏసీ ఉన్న భవనాల పైకప్పులకు తెల్లరంగు వేసి కొలిచాయి. 2012లో ఫలితాలు వచ్చాయి. మామూలు సిమెంటు డాబాకు తెల్లపూత వేస్తే పైకప్పు చదరపు మీటరుకు ఏడాదికి 13 నుంచి 14 యూనిట్లు మిగిలాయి. డాబా మీద సున్నం కొట్టించే అలవాటు మన పెద్దలకు ఉండేది. ఏసీ లేని మన హాస్టలుకు సున్నం కొట్టిస్తే బిల్లులో పెద్ద తేడా కనిపించకపోవచ్చు. కానీ పై అంతస్తులో పడుకునే పిల్లవాడికి మే నెలలో కాస్త నిద్ర పడుతుంది. అదీ లెక్కలోకి వచ్చే లాభమే.

ఇప్పుడు మన పిల్లల సంగతి. మా దగ్గర పదో తరగతి చదివిన కుర్రవాడు ఒకడు ఇలాంటి పనే చేస్తున్నాడు. పేరు చెప్పవద్దన్నాడు కాబట్టి చెప్పడం లేదు. తండ్రి తెనాలిలో మోటారు వైండింగ్ పని చేసేవారు. సెలవుల్లో పిల్లవాడు కూడా కూర్చుని రాగితీగ చుట్టేవాడు. రేపల్లె నుంచి వచ్చే బండిని జంపని స్టేషన్లో పట్టుకుని, తెనాలిలో దిగి, అక్కడ నుంచి ఇంకో బండి మారి పాలిటెక్నిక్‌కు వెళ్లి ఎలక్ట్రికల్ డిప్లొమా పూర్తి చేశాడు. అప్పటికే గల్ఫులో ఎలక్ట్రీషియన్ పనికి వీసా వచ్చేలా ఉంది. ఇంట్లో అప్పు ఉంది, పెళ్లి కావలసిన చెల్లెలు ఉంది. వెళితే తప్పు పట్టేవాళ్లెవరూ లేరు. ఆ సమయంలో మీలాంటి దాత ఒకరు ఇంజనీరింగ్ ఫీజుకూ, ఇంటి ఖర్చుకూ మూడేళ్లు ఆదుకున్నారు. ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరాడు. ఇప్పుడు కాలేజీలకూ ఆసుపత్రులకూ కరెంటు ఆడిట్ చేసే సంస్థలో పని చేస్తున్నాడు.

మొన్న రంజాన్‌కు వచ్చినప్పుడు, నీ పని ఎలా ఉంటుందిరా అబ్బాయ్ అని అడిగాము. అతను చెప్పింది మీకు చెబుతాము.

ఏ ప్రాంగణానికి వెళ్లినా ముందు పన్నెండు నెలల బిల్లులు అడుగుతాడట. బిల్లులు చదివాకే భవనం లోపలికి అడుగు పెడతాడట. ఏ నెల ఎక్కువ, ఏ నెల తక్కువ, ఒప్పుకున్న లోడు ఎంత, నిజంగా వాడేది ఎంత, పవర్ ఫ్యాక్టర్ ఎంత, బిల్లు ఏ కేటగిరీలో వస్తోంది, ఇవన్నీ అందులోనే ఉంటాయి. వాడని లోడుకు ఏళ్ల తరబడి స్థిర చార్జీలు కడుతున్న సంస్థలు ఉంటాయట. అది ఒక్క దరఖాస్తుతో తగ్గే ఖర్చు.

ఆ తర్వాత సెలవు రోజు రాత్రి వెళతాడట. మనుషులెవరూ లేనప్పుడు మీటరు ఎంత వేగంగా తిరుగుతోందో చూస్తాడు. మనుషులు లేకపోయినా తిరిగే కరెంటు ఎవరి కోసం? ఒక ప్రాంగణంలో సమావేశపు హాలు ఏసీ ప్రతి ఆదివారం పొద్దున్నే దానంతట అదే మొదలై సాయంత్రం దాకా నడుస్తోందట. ఎప్పుడో జరిగిన ఏదో కార్యక్రమం కోసం టైమరు పెట్టారు, తీయడం మరిచారు. ఆ సంగతి రాత్రి వాచ్‌మన్‌కు తెలుసు. కానీ ఆయన్ని ఎవరూ అడగలేదు. అందుకే తాను ఎక్కడికి వెళ్లినా మొదట వాచ్‌మన్‌తో, ఊడ్చేవాళ్లతో, ఎలక్ట్రీషియన్‌తో కూర్చుని టీ తాగుతానని చెప్పాడు.

పెద్ద ఏసీ ప్లాంటుల్లో పంపులూ ఫ్యాన్లూ ఎప్పుడూ పూర్తి వేగంతో తిరుగుతుంటాయి. అంత అవసరం ఏడాదిలో కొద్ది రోజులే ఉంటుంది. వేగాన్ని అయిదో వంతు తగ్గించగలిగితే కరెంటు దాదాపు సగానికి పడిపోతుంది. ఎదురుగాలిలో సైకిలు తొక్కినవారికి ఇది తెలుసు. కాస్త నెమ్మదిగా తొక్కితే ఆయాసం చాలా తగ్గుతుంది. ఆ వేగం తగ్గించే పరికరాన్ని వీఎఫ్‌డీ అంటారు. ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో తేల్చడం ఇంజనీరు పని. నాన్న దగ్గర నేర్చుకున్నది తనకు ఇక్కడే అక్కరకొచ్చిందన్నాడు. పనితనం లేకుండా మళ్లీ మళ్లీ చుట్టిన మోటారు అదే పనికి ఎక్కువ కరెంటు తింటుందని చేయి పెట్టి చూస్తేనే తనకు తెలిసిపోతుందట. కానీ చేతితో చెబితే సంస్థవారు నమ్మరు. క్లాంప్ మీటరు పెట్టి కాగితం మీద చూపితేనే నమ్ముతారు.

తండ్రి ఒకసారి హైదరాబాదు వెళ్లి, నువ్వు కట్టిన భవనం ఏదో చూపించరా అని అడిగారట. చూపించడానికి ఏమీ లేదు. చివరికి ఒక కాలేజీవాళ్ల పాత బిల్లు, కొత్త బిల్లు పక్కపక్కన పెట్టి చూపించాడట. ఆయన చాలాసేపు చూసి, అంటే నువ్వు దుబారాను పట్టుకునే పోలీసువన్నమాట అన్నారట. ఆ మాట మాకు ఎంతో నచ్చింది. దుబారాను మనం ఇస్రాఫ్ అంటాము. నిండుగా పారే ఏటి ఒడ్డున వుజూ చేసినా నీళ్లు వృథా చేయకూడదని మనకు చిన్ననాడే నేర్పారు. నీటికి వర్తించేది కరెంటుకు ఎందుకు వర్తించదు? మన కరెంటులో పెద్ద భాగం ఇంకా బొగ్గు నుంచే వస్తోంది. ఆదివారం ఖాళీ హాలును చల్లబరిచిన కరెంటుకు కూడా ఇబ్రహీంపట్నంలాంటి చోట ఎక్కడో బొగ్గు కాలింది.

ఇది ఎంతకాలం నిలిచే ఉద్యోగమని తల్లిదండ్రులు అడుగుతారు. అడగాలి కూడా. 2001లో ఇంధన పొదుపు చట్టం వచ్చింది. 2002 మార్చి 1 నుంచి బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ పని చేస్తోంది. మనం ఫ్రిజ్‌ల మీద, ఏసీల మీద చూసే నక్షత్రాల గుర్తు వాళ్లదే. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకూ ఆ గుర్తు తప్పనిసరి అయింది. చట్టం నిర్దేశించిన పెద్ద వినియోగదారులు అర్హత పొందిన ఎనర్జీ మేనేజరును నియమించుకోవాలి. పెద్ద వాణిజ్య భవనాలకు పొదుపు నియమావళి ఉంది. 2014లో మన రాష్ట్రం కూడా దాన్ని తెచ్చుకుంది. న్యాక్ గుర్తింపు కోసం వెళ్లే కాలేజీలను కరెంటు ఆడిట్ చేయించారా అని అడుగుతున్నారు. మన చుట్టుపక్కల ఎన్ని కాలేజీలు ఉన్నాయో మీకు తెలియంది కాదు.

బ్యూరోవారు జాతీయ స్థాయిలో పరీక్ష పెడతారు. మూడు పేపర్లు పాసైతే ఎనర్జీ మేనేజరు, నాలుగూ పాసైతే ఎనర్జీ ఆడిటరు. ఇంజనీరింగ్ పట్టాతోపాటు కొంత అనుభవం అడుగుతారు. డిప్లొమా చదివినవారికి అనుభవం ఇంకా ఎక్కువ కావాలి గాని దారి మూసుకుపోలేదు.

మన పిల్లలు సగం దూరంలో ఉన్నారని మొదట్లో అన్నది ఇందుకే. మన వీధుల్లో వైరింగు చేసేవారు, ఏసీ మెకానిక్కులు, మోటారు వైండర్లు ఎంతమంది ఉన్నారు! వాళ్ల చేతుల్లో పని ఉంది, చెవిలో యంత్రం చప్పుడు ఉంది. లేనిది కాగితం, లెక్క. ఐటీఐ దగ్గర ఆగిపోయినవాణ్ని డిప్లొమా దాకా, డిప్లొమా దగ్గర ఆగినవాణ్ని ఈసెట్ దాకా చేయి పట్టుకుని నడిపించేవారు కావాలి. ఆ నడిపించే ఖర్చు ఎంబీబీఎస్ సీటు ఖర్చులాంటిది కాదు.

ఆడపిల్లల తల్లిదండ్రులతో ఒక మాట. కరెంటు పని ఆడపిల్లకెందుకు అంటారు. ఈ వృత్తిలో ఎక్కువ భాగం కొలవడం, లెక్క కట్టడం, నివేదిక రాయడం. మా తరగతుల్లో లెక్కలు శ్రద్ధగా చేసేది ఎక్కువగా ఆడపిల్లలే. గుంటూరులో వాళ్ల కోసం ప్రత్యేకంగా ప్రభుత్వ మహిళా పాలిటెక్నిక్ ఉంది. పదో తరగతి ఫలితాల రోజున ఈ మాట గుర్తు చేసుకోండి.

ఇక దాతలకు మా మనవి. మూడే కోరికలు.

మొదటిది డబ్బు అక్కరలేనిది. సంస్థకు ఉన్న ప్రతి భవనానికీ గత పన్నెండు నెలల బిల్లుల్లోని యూనిట్లను ఒకే కాగితం మీద రాయించండి. వాటి మొత్తాన్ని భవనం చదరపు మీటర్లతో భాగించండి. వచ్చిన అంకె ఆ భవనం మార్కు. ఇక్కడ మార్కు ఎంత తక్కువ వస్తే అంత మంచిది. వచ్చే సంచికలో జమాఖర్చుల పక్కన దాన్ని అచ్చు వేయండి. రూపాయలతో పోల్చవద్దు, రేట్లు మారుతుంటాయి. యూనిట్లతోనే పోల్చండి. మేని మేతో, డిసెంబరును డిసెంబరుతో పోల్చండి. ఇంకో చిన్న పరీక్ష ఉంది. శనివారం సాయంత్రం బడి మూసేటప్పుడు మీటరు రీడింగు రాసుకోండి. సోమవారం పొద్దున తలుపులు తీయకముందు మళ్లీ చూడండి. మధ్యలో తిరిగిన యూనిట్లకు సమాధానం వెతకండి. ఈ పని మా ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలతో మేము చేయిస్తాము. వాళ్లకు అది భౌతికశాస్త్రం ప్రాక్టికల్ అవుతుంది.

రెండోది దానం ఇచ్చే వరస. ముందు పాత ట్యూబులైట్లు మార్పించండి. చోకుతో కలిపి 50 వాట్లకు పైగా లాగే పాత ట్యూబు స్థానంలో 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబు చాలు. రెండు మూడు వందలు పెట్టినది ఏడాదిలోపే తిరిగి వస్తుంది. ఆ మధ్య ప్రభుత్వం పది రూపాయలకొకటి చొప్పున ఇంటికి రెండు ఎల్‌ఈడీ బల్బులు ఇచ్చింది. మన ఇళ్లు మారాయి, సంస్థల గదుల్లో మాత్రం కొన్నిచోట్ల ఇంకా పాత పట్టీలే వేలాడుతున్నాయి. ఆ తర్వాత హాస్టలు ఫ్యాన్లు. పాత డబ్బా రెగ్యులేటర్లు ఉంటే అవి కూడా తీసేయండి. అవి ఫ్యాను వేగాన్ని తగ్గిస్తాయి గాని, మిగిలిన కరెంటును వేడి చేసి గాలిలో కలుపుతాయి. ఆ తర్వాత నీళ్ల మోటారు. ట్యాంకు నిండి రోజుకు అరగంట పొర్లిపోతే, ఒకటిన్నర హార్స్‌పవర్ మోటారు మీద ఏడాదికి 200 యూనిట్లకు పైగా నీళ్లతో కలిసి కాలవలో పోతాయి. కొన్ని వందల రూపాయల ఫ్లోట్ స్విచ్ దాన్ని ఆపుతుంది. ఆ తర్వాత డాబాకు తెల్లపూత. ఆఫీసు గదిలో ఏసీ ఉంటే 24 డిగ్రీల దగ్గర పెట్టి ఫ్యాను వేసుకోండి. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం ఆదా అని బ్యూరోవారు చెబుతున్నారు. సోలారు పలకలు చివర. సోలారు మంచిదే. కానీ కుండకు చిల్లు ఉండగా నీళ్లు పోయడం తెలివి కాదు. వాడకం తగ్గించాక పెడితే తక్కువ పలకలతోనే సరిపోతుంది.

చదువుకునే చోట వెలుతురు తగ్గించి ఆదా చేయవద్దు. పుస్తకం మీద సుమారు 300 లక్స్ వెలుతురు పడాలి. పొదుపు పేరుతో పిల్లల కళ్లు చెడగొడితే అది పొదుపు కాదు.

మూడోది, ఆదా అయిన డబ్బుకు వేరే పద్దు తెరవండి. లేకపోతే అది మామూలు ఖర్చుల్లో కలిసిపోతుంది, ఆదా అయిందన్న సంగతే ఎవరికీ తెలియదు. ఇరవై ఫ్యాన్ల హాస్టల్లో ఇందాకటి లెక్క ప్రకారం ఏడాదికి 30,000 రూపాయలు మిగులుతాయి. మొదటి రెండేళ్లు అది ఫ్యాన్ల ఖరీదుకు సరిపోతుంది. మూడో ఏడాది నుంచి ఆ పద్దులోని సొమ్ముతో ఏటా ఒక్క పిల్లవాణ్ని గాని, పిల్లను గాని ఈ చదువులో నిలబెట్టండి. ఒక క్లాంప్ మీటరు, ఒక లక్స్ మీటరు సంస్థ తరఫున కొని ఉంచితే పిల్లలందరూ వాడుకుంటారు. మన భవనాల్లో మిగిలిన కరెంటుతో చదువుకున్న పిల్లలు రేపు ఇంకొకరి భవనాలను చూసిపెడతారు.

ఫ్యాను ఇచ్చినవారి పేరు రెక్క మీద ఉంటుంది. ఆదా చేయించినవారి పేరు రాయడానికి ఎక్కడా చోటు ఉండదు. అది తెలిసి కూడా ఇచ్చేవారు ఈ హాల్లో ఉన్నారని మాకు నమ్మకం. రాయాల్సిన చోట అది రాయబడుతుందన్న విశ్వాసం మనందరిదీ.

వచ్చే ఏడాది సభకు ప్రతి భవనం బిల్లుల కాగితం పిల్లలే తయారుచేసి మీ ముందుకు తెస్తారు. దాన్ని చూసి, తప్పులుంటే దిద్ది, బాగుంటే భుజం తట్టండి.